గురువారం కాని రోజు

"ఈరోజు నీ రోజు కాదు కదమ్మా!"

నాయనమ్మ నోట్లోంచి మాట జారింది. జారాక నాలుక కరుచుకుని లాభమేముంది?

గుమ్మం ముందు ఒక చెప్పు విప్పి రెండోది విప్పబోతున్న పిల్లల శాఖ మేడం అలాగే ఒంటికాలి మీద ఆగిపోయింది.

"నా రోజేంటి పెద్దమ్మా?"

పళ్ళెంలో బియ్యం ఏరుతున్న ముసలావిడ చెయ్యి రాయినీ గింజనీ కలిపి బయటికి విసిరేసింది.

జవాబు చెప్పింది మిరియం. నోటితో కాదు.

మేడంని చూడగానే ఆ ఆరేళ్ళ పిల్ల మంచం మీంచి ఒక్క దూకు దూకింది. ఎవరూ చెప్పకుండానే, ఎవరి మొహమూ చూడకుండానే పనిలో పడింది. స్టూలెక్కి మేకుకి వేలాడుతున్న మగవాళ్ళ చొక్కా లాగి, ఉండ చుట్టి చంకలో పెట్టుకుంది. అద్దం ముందున్న రేజరూ, గడ్డం బ్రష్షూ తీసి పాత డబ్బాలో పడేసి మూత నొక్కింది. తలుపు వార నుంచి తన కాలికి మూడింతలున్న తోలు చెప్పుల్ని ఒకదాని తర్వాత ఒకటి మోసుకెళ్ళి మంచం కిందికి, గోడ తగిలేదాకా తోసింది. చివరికి నేల మీదున్న సిగరెట్టు పీకని కాలి బొటనవేలితో గడప అవతలికి నెట్టింది.

అన్నీ కుడిచేత్తోనే. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగి ఒంటికి అతుక్కునే ఉంది. పోయినేడాది కన్నతండ్రి విరగ్గొట్టిన చెయ్యి అది. అతుక్కుంది గానీ బరువు ఆనదు.

అంతా అయ్యాక మిరియం గౌను సర్దుకుని, మంచం అంచున కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ మేడం వంక చూసి నవ్వింది.

"నాన్న ఇక్కడికి రాడు మేడం" అంది, పద్యం అప్పజెప్పినట్టు.

మేడం రెండో చెప్పు కూడా విప్పింది. విప్పి లోపలికొచ్చింది. ఆమెకి కూడా ఆ పిల్ల ఈడు కూతురుంది. ఆ పిల్లా దాస్తుంది, దిండు కింద బిస్కెట్లు. దాచి మర్చిపోతే చీమలు పడతాయి. ఇక్కడ ఈ పిల్ల ఒక మనిషిని దాచేస్తోంది, చీమంత జాడ కూడా మిగల్చకుండా.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకి ఆ క్షణాన తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా?"

"ఏంటమ్మా ఎన్నాళ్ళ నుంచి?"

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మాట్లాడకు. నీ కొడుకు ఈ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నాడు?"

"ఉండట్లేదమ్మా. అప్పుడప్పుడూ..."

"అప్పుడప్పుడూ వచ్చేవాడికి రేజరెందుకు? మేకుకి చొక్కా ఎందుకు?" మేడం గొంతు పెరిగింది. "పిల్లల కమిటీ వాళ్ళ ముందు ఏమన్నావు నువ్వు? 'వాడు నా గడప తొక్కితే వాడి కాళ్ళు నేనే విరగ్గొడతాను' అనలేదూ? ఆ మాట పట్టుకునే కదా నేను అందరితో గొడవ పెట్టుకున్నాను! తల్లి లేని పిల్ల, హోంలో వేద్దాం అని మా పెద్దసారు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. కాదు సార్, నాయనమ్మ ఉంది, ఆవిడ ఒళ్ళో ఉంటే పిల్ల తిరిగి మనిషవుతుంది, నేను పూచీ అన్నాను. పూచీ అన్నది నేను పెద్దమ్మా! నా నోటితో నేనన్నాను!"

"అరవకమ్మా. వీధి వింటుంది."

"విననీ!"

వీధి అప్పటికే వింటోంది. గోడ అవతల గడగడమంటున్న కుట్టుమిషను ఆగి, మిషనమ్మ తల పిట్టగోడ మీద పైకి లేచింది. మెడలో టేపూ, పెదాల మధ్య సూదీ.

సూది తీసి, "అదేంటి మేడం, ఈరోజు గురువారం కాదు కదా" అంది.

ఇది రెండోసారి.

మునిసిపాలిటీకి ఉన్నది ఒక్కటే జీపు. సోమవారం పన్నులవాళ్ళది, మంగళవారం దోమలమందు వాళ్ళది, అలా అందరికీ పంచగా పిల్లల శాఖ వాటాకి గురువారం వచ్చింది. ఈ వీధికి మేడం ఎప్పుడొచ్చినా ఆ జీపులోనే, ఆ గురువారమే వచ్చేది. ఇవాళ పక్కవీధిలో బడి మానేసిన ఓ పిల్ల ఇంటికని బస్సులో వచ్చింది. అక్కడ తాళం వేసి ఉంది. ఎలాగూ ఇంతదూరం వచ్చాను, మా మిరియాన్ని చూసి పోదాం అనుకుంది. అంతే. అనుమానం లేదు, ఆరా లేదు. ముద్దొచ్చి వచ్చింది.

"గురువారం అని మీకెవరు చెప్పారు?" అంది మేడం.

మిషనమ్మ నవ్వింది. "ఎవరైనా చెప్పాలా! మీ జీపు మలుపు తిరిగిందంటే వీధిలో పిల్లలందరికీ ముక్కులు తుడుస్తాం. పోయిన గురువారం మా మనవడికి రెండుసార్లు తుడిచాను, వాడికి జలుబు కూడా లేదు."

"మరి ఈ ఇంట్లో? గురువారం ఈ ఇంట్లో ఏం తుడుస్తారు?"

నవ్వు ఆగిపోయింది.

మిరియం మంచం మీంచి సాయం చేసింది. "గోనెసంచీ మిషనమ్మ దగ్గరే పెడతాం మేడం. మిషను కింద. నాన్న దుప్పటీ, ప్యాంట్లూ అన్నీ. నేను చొక్కా, చెప్పులూ, గడ్డం డబ్బా చూసుకుంటాను. పెద్దవి నాయనమ్మ మోస్తుంది."

"నోర్ముయ్యవే!" అంది నాయనమ్మ.

"దాని నోరు ముయ్యడం కాదు, ముందు వీళ్ళ నోళ్ళు తెరిపించాలి." మేడం పిట్టగోడ వైపు తిరిగింది. "గోడకి ఇవతల చెయ్యి విరిగిన పిల్ల, అవతల మీరు. ఏడుపు వినపడలేదా ఎప్పుడూ?"

"మిషను చప్పుడులో ఏం వినపడుతుందమ్మా. అయినా ఇరుగుపొరుగన్నాక నాలుగు మాటలు పడాలి, నాలుగు మూటలు దాచాలి. రేపు మీరు జీపెక్కి పోతారు. ఈ గోడ పక్కన బతకాల్సింది మేం."

తల గోడ కిందికి దిగిపోయింది. మిషను మాత్రం మళ్ళీ మొదలు కాలేదు.

మేడం మంచం పక్కన నేల మీద చతికిలబడింది, పిల్ల కళ్ళకి తన కళ్ళు సమానమయ్యేలా. ప్రతి గురువారం కూర్చునేది అక్కడే. ప్రతి గురువారం అడిగేది అవే ప్రశ్నలు. అన్నం తింటున్నావా, బడికి పోతున్నావా, ఎవరైనా కొట్టారా. ప్రతి గురువారం కొత్త గౌను వేసుకుని, తలకి నూనె పెట్టించుకుని, మిరియం అన్నిటికీ చక్కగా జవాబులు చెప్పేది. అబ్బ, పిల్ల ఎంత తేరుకుందో అని మేడం మురిసిపోయేది. జీపులో తిరిగి పోతూ డ్రైవరుతో కూడా అనేది.

ఇవాళ పాత గౌను. చంక దగ్గర చిరిగింది. జుట్టు చిక్కు.

"మిరియం, నాన్న కొడుతున్నాడా?"

పిల్ల నాయనమ్మ వంక చూసింది. నాయనమ్మ బియ్యం వంక చూసింది.

"గురువారం అడుగు మేడం. గురువారమైతే నాకు అన్నీ వచ్చు."

"గురువారం కాదమ్మా, ఇప్పుడు చెప్పు."

"బుధవారం కొట్టడు. మంగళవారం కూడా కొట్టడు."

"మరి?"

"నువ్వు పోయాక కొడతాడు. గురువారం జీపు పోయాక." చాలా మామూలుగా, ఆట నియమాలు చెబుతున్నట్టు చెప్పింది. "అప్పుడైతే మళ్ళీ నువ్వొచ్చేసరికి పోతుంది కదా."

"ఏం పోతుంది?"

"రంగు." మిరియం మొహం వెలిగింది. తనకి బాగా తెలిసిన పాఠం అడిగినట్టుంది. "ముందు ఎర్రగా ఉంటుంది. పొద్దున్నకి నీలం. తర్వాత ఆకుపచ్చ, తర్వాత పసుపు. తర్వాత ఏమీ ఉండదు. నువ్విచ్చిన రంగు పెన్సిళ్ళలో ఉన్నాయి అవన్నీ. నేను పెట్టి చూసుకున్నాను. ఇవాళ ఏ రంగో చూస్తావా?"

జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగి, ఒంటిచేత్తో గౌను వీపు మీదికి ఎత్తింది.

ఆకుపచ్చ. అంచుల్లో పసుపుకి తిరుగుతోంది. బెల్టు వెడల్పున.

బియ్యం పళ్ళెంలో ఓ పురుగు అంచుదాకా పాకి మళ్ళీ లోపలికి పడింది.

మేడం గౌను మెల్లగా కిందికి దించింది. దించి, కుట్టు చిరిగిన చోట వేళ్ళతో దగ్గరికి పట్టుకుంది, అక్కడ పట్టుకుంటే అన్నీ అతుక్కుంటాయన్నట్టు. తను చెప్పకుండా మధ్యమధ్య వచ్చి ఉంటే, ఎప్పుడొస్తుందో తెలియక వాడు చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. తను చేసిందేమిటి? వారం వారం, తప్పకుండా, హారను కొట్టుకుంటూ వచ్చి, వాడికి ముహూర్తం పెట్టి వెళ్ళింది.

ఆమె ఫోను తీసింది.

"సార్, మిరియం ఇంట్లోంచి మాట్లాడుతున్నాను."

"ఇవాళ సోమవారం కదమ్మా!" అన్నాడు పెద్దసారు. "అక్కడేం చేస్తున్నావు?"

మూడోసారి.

"సార్, ఆ మాట ఇంకొక్కసారి ఎవరైనా అంటే ఈ ఫోను గోడకేసి కొడతాను. తండ్రి ఇక్కడే కాపురముంటున్నాడు. పిల్ల వీపు నిండా బెల్టు దెబ్బలు. నేను ఇప్పుడే తీసుకొచ్చేస్తున్నాను."

"ఆగాగు. ఆవేశపడకు. ఇంకో మనిషి లేకుండా, పోలీసులు లేకుండా పిల్లని గడప దాటిస్తే ఏమవుతుందో తెలుసా? రేపు వాడు నువ్వు పిల్లని ఎత్తుకుపోయావని కేసు పెడతాడు. అసలు దెబ్బలు కొట్టింది కూడా నువ్వే అంటాడు. జీపేమో పన్నులవాళ్ళ దగ్గరుంది. గురువారం ఎలాగూ..."

"సార్!"

అవతల నిట్టూర్పు. ఆ తర్వాత గొంతు తగ్గించి, మనిషిలా మాట్లాడాడు. "నేను చెప్పానమ్మా అప్పుడే. నాయనమ్మ అయినా ఎవరమ్మ? వాడి అమ్మ. పిల్ల కంటే కొడుకే దగ్గర ఆవిడకి. నువ్వు విన్లేదు."

"అవును సార్, విన్లేదు. తప్పు నాదే. ఆ తప్పుకి నన్ను తర్వాత ఉరి తీద్దురుగాని. ఇప్పుడు పోలీసుల్ని పంపండి."

"స్టేషనుకి ఫోన్ చేస్తాను. ఆడ కానిస్టేబుల్ని కూడా పంపమంటాను. వాళ్ళొచ్చేదాకా నువ్వు అక్కడే ఉండు. పిల్లని మాత్రం గడప దాటించకు. వాడెప్పుడొస్తాడు?"

మేడం పెద్దావిడ వంక చూసింది.

"పొద్దుగూకాకే" అంది నాయనమ్మ. "వెల్డింగు షాపు మూశాక."

"చాలా టైముంది సార్" అని ఫోను పెట్టేసింది మేడం.

అప్పుడు నాయనమ్మ పళ్ళెం పక్కకి నెట్టింది. బియ్యం నేలంతా చిమ్మింది. ఇన్నాళ్ళూ వంగి మాట్లాడిన మనిషి నిలువుగా లేచి నిలబడితే ఇంత పొడుగుంటుందని మేడం ఎప్పుడూ అనుకోలేదు.

"తీసుకుపోతావా? తీసుకుపో. నన్నడుగుతున్నావా ఎన్నాళ్ళ నుంచి అని? ఇప్పుడు నేనడుగుతాను చెప్పు. వారానికో పూట వచ్చి, పిల్ల తల నిమిరి, రంగు పెన్సిళ్ళిచ్చి పోయావు. మిగతా రోజులు ఎవరున్నారే నాకు? వాడు తలుపు తన్నితే నువ్వొచ్చి అడ్డం పడ్డావా? అద్దింటి ఓనరు గది ఖాళీ చేయించాడని దుప్పటి చంకలో పెట్టుకుని వానలో నిలబడ్డాడు. తడిసి ముద్దయి, 'అమ్మా' అన్నాడు. ఏం చెయ్యమంటావు? గడప తొక్కకూడదన్న నీ షరతు చెప్పనా వాడికి?"

"చెప్పాల్సింది! నాకు చెప్పాల్సింది!"

"చెబితే పిల్లని పట్టుకుపోతావు. చెప్పకపోతే వాడు చంపుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వు చదువుకున్నదానివి కదా, ఏది లోతు తక్కువో చెప్పు."

"వాడు కొడుతుంటే నువ్వేం చేసేదానివి?"

ముసలావిడ గొంతు ఒక్కసారిగా పడిపోయింది.

"నూనె రాసేదాన్ని" అంది. "వచ్చే గురువారానికి పోతుందిలే అనేదాన్ని."

మేడం చెయ్యి లేచింది. నిజంగా లేచింది. పెద్దదని, ఒంట్లో పట్టులేనిదని, ఏదీ గుర్తు రాలేదు. అంతలో మిరియం ఆ చేతి వంక చూసింది. భయపడలేదు, ఏడవలేదు. వీపుని గోడకి ఆనించి, విరిగిన చేతిని పొట్ట దగ్గర దాచుకుని, సిద్ధంగా కూర్చుంది.

ఆ సిద్ధపాటు చూసి మేడం చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"నీకు కాదు తల్లీ" అంది. "నీకు ఎప్పుడూ కాదు."

నాయనమ్మ నేల మీద కూర్చుని చిమ్మిన బియ్యం ఒక్కొక్కటే ఏరుకోసాగింది. మేడం కూడా కూర్చుంది. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు ఆడవాళ్ళు ఒకే నేల మీద, ఒకే గింజల కోసం చేతులు చాస్తూ, ఒకరి చెయ్యి ఒకరికి తగలకుండా జాగ్రత్తపడుతూ ఏరారు. గోడ అవతల మిషను చప్పుడు ఇంకా లేదు. అది ఎందుకు లేదో మేడంకి అప్పుడు తట్టింది.

మిషనమ్మ ఫోనులో మెల్లగా మాట్లాడుతోంది. "...అవునయ్యా, జీపు లేదు. ఒక్కతే. మలుపు దాకా వచ్చేశావా..."

మేడం లేచి నిలబడేలోపే వీధిలో మోటారుసైకిలు ఆగిన చప్పుడైంది. ఇంజను కట్టేశాక కూడా కాసేపు టకటకమంది. ఇంటి ముందు గేటు గొళ్ళెం పైకి లేచింది.

మిరియం మంచం దిగింది.

ఈసారి చొక్కా జోలికి పోలేదు, డబ్బా జోలికి పోలేదు. పిల్లికూనలా గుమ్మం దాకా పరిగెత్తి, అక్కడున్న మేడం చెప్పు ఒకటి కుడిచేత్తో అందుకుంది. రెండోది ఎడమ చేత్తో పట్టుకోబోయింది. చెయ్యి ఆనలేదు, చెప్పు జారింది. ఉన్న ఒక్కటే గుండెకి హత్తుకుని వెనక్కొచ్చి మంచం కిందికి, తండ్రి చెప్పుల పక్కకి తోసేసింది.

"మేడం, నువ్వు తలుపు వెనక నిలబడు" అని గుసగుసలాడింది. మేడం చెయ్యి పట్టుకుని లాగింది కూడా. "ఊపిరి గట్టిగా పీల్చకు. నాయనమ్మా, నువ్వేం మాట్లాడకు. నేను చెబుతాను. ఇక్కడికి ఎవరూ రాలేదు నాన్నా, అని నేను చెబుతాను."

మేడం కదల్లేదు. ఆ చిన్న వేళ్ళ మధ్య నుంచి తన చెయ్యి తీసుకోలేదు, తలుపు వెనక్కీ పోలేదు. ఇల్లు మధ్యలో నిలబడింది.

"వద్దు బంగారం" అంది. "ఇవాళ ఎవర్నీ దాచద్దు."

గుమ్మం నిండా మనిషి వచ్చి నిలబడ్డాడు. చేతులకి మసి, నుదుటి మీదికి ఎత్తిన నల్ల కళ్ళద్దాలు. చేతిలో ఆడవాళ్ళ చెప్పు ఒకటి. దాన్ని బజారులో బేరమాడేవాడిలా అటూ ఇటూ తిప్పి చూస్తూ లోపలికొచ్చాడు.

"ఇదెవరిదమ్మా?" అన్నాడు తల్లిని. మేడం వంక అసలు చూడలేదు.

"నాది" అంది మేడం.

"నేను అడిగింది మా అమ్మని." నవ్వుతూనే ఉన్నాడు. "చెప్పమ్మా. ఈరోజు గురువారం కాదు కదా. మరి ఎవరొచ్చారు మనింటికి?"

నాయనమ్మ దోసిట్లో బియ్యం ఉన్నాయి. వాటిని పళ్ళెంలో పోసింది. ఒక్క గింజ కూడా కింద పడకుండా పోసింది. మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, కొడుకు పక్క నుంచి, ఆ చెప్పు పక్క నుంచి, ఎవరి మొహమూ చూడకుండా నడిచి తలుపు దగ్గరికి వెళ్ళింది.

తలుపు మూసి లోపల గడియ వేసింది. గడియకి తాళం కూడా వేసి, తాళంచెవి పిడికిట్లో బిగించుకుని, తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా?" అన్నాడు కొడుకు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"పెద్దమ్మా?" అంది మేడం.

"పోలీసులొచ్చేదాకా ఈ తలుపు తియ్యను" అంది ముసలావిడ, ఇద్దరికీ కలిపి.